పండగ డబ్బాల బుడ్లు

కోట ఊళ్లో మిషను బంగళా దొరసాని క్రిస్మస్ చేసుకుంటే, ఆ మర్నాటి నుంచి సర్దార్‌బీ ఇంట్లో చేతినిండా పని. ఆమె మొగుడు మదార్ రేకు పనివాడు. ఖాళీ డబ్బాలు కోసి, అతుకులకు తగరం కరిగించి మాటు వేసి, కిరసనాయిలు బుడ్లు, గరాట్లు చేసేవాడు. ఊళ్లో మాత్రం ఖాళీ డబ్బా దొరకడం కష్టం. ఎవరింట్లోనైనా ఒకటుంటే అందులో ఉప్పో చింతపండో పోసుకుంటారుగాని పారేయరు. పారేసే ఇల్లు ఆ బంగళా ఒక్కటే.

అక్కడ వంట చేసే రెబెక్కమ్మ పండగ కాగానే పాలపొడి డబ్బాలు, బిస్కత్తు డబ్బాలు కడిగి వసారాలో బోర్లించేది. నక్షత్రానికి అంటించిన రంగు కాగితాలు, కాలగా మిగిలిన కొవ్వొత్తి ముక్కలు విడిగా తీసి ఉంచేది. సర్దార్‌బీ గోనెసంచితో వెళ్లి అన్నీ మోసుకొచ్చేది. కొవ్వొత్తి ముక్కలు కరిగించి, చెప్పులు కుట్టేవాళ్లకు దారానికి రాసుకునే మైనంగా ఇచ్చేది. రంగు కాగితాలు కత్తిరించి పీర్ల చావడికి తోరణాలు చేసేది. ఏసు పండగ కాగితాలు పీర్లకు కడతావా అని ఎవరో ఎగతాళి చేస్తే, "కాగితానికి మతమేంది అన్నా?" అనేసి తన పని తాను చూసుకుంది.

బుడ్లు మాత్రం ఎక్కువగా కాలవ అవతల సముద్రపు ఒడ్డున ఉన్న జాలర్ల పల్లె పట్టపుపాళేనికి పోయేవి. మదార్ చేసిన బుడ్డి కారదని అక్కడి ఆడవాళ్లకు నమ్మకం.

అరవై రెండులో, పండగైన నాలుగో రోజున, డబ్బా అంచు ఒలుస్తుంటే రేకు జారి మదార్ కుడి అరచేతిలో దిగింది. పసుపు అద్ది గుడ్డ చుట్టి మళ్లీ పనిలో కూర్చున్నాడు. వారం తిరిగేసరికి చెయ్యి నల్లబడింది. నెల్లూరు తీసుకుపోతే మణికట్టు దగ్గరికి తీసేశారు.

ఏడాదంతా అతను గోడకానుకుని కూర్చున్నాడు. సర్దార్‌బీ నాలుగిళ్లలో వడ్లు దంచి కుండ నింపింది. మళ్లీ క్రిస్మస్ వచ్చింది. ఆమె ఎప్పటిలాగే సంచి నిండా డబ్బాలు తెచ్చి అతని ముందు కుమ్మరించింది.

"ఏం చేసుకోను వీటిని?" అన్నాడు మదార్.

"నువ్వు చెప్పు. నేను చేస్తా."

"నీకు చాతగాదు మే."

"చాతనయిందాకా తిట్టు."

అతను తిట్టాడు. రేకు వంకర పోయినా తిట్టాడు, తగరం ముద్దగా పడినా తిట్టాడు. ఆమె వేళ్లు బొబ్బలెక్కాయి. నెలకి బుడ్డి బుడ్డిలాగా వచ్చింది. ఒక్కటి మాత్రం అతను పదే పదే చెప్పాడు: "నీళ్లు పోసి ఒక పూటంతా పెట్టి చూడందే ఎవురికీ ఇయ్యబాక."

ఒక శుక్రవారం అతను మసీదుకు పోయినప్పుడు పాళెం నుంచి మాలకొండమ్మ వచ్చింది. ఆమె కూతురు నాగులమ్మ పురిటికొచ్చి, ఈమధ్యే బిడ్డను కనింది. ఇంట్లో ఉన్న గాజుబుడ్డి పగిలిపోయిందట. అప్పటికి చేసినవన్నీ అమ్ముడుపోయి, ఆ పొద్దున మాటు వేసిన బుడ్డి ఒక్కటే మిగిలింది.

"దీన్ని ఇంకా నీళ్లు పోసి చూడలేదక్కా. రేపు రా" అంది సర్దార్‌బీ.

"రేపు మళ్లా కాలవ దాటి యాడ రాను? పసిబిడ్డ ఉండే ఇల్లు. చీకట్లో యెట్టా?"

సర్దార్‌బీ బుడ్డిని తిప్పి తిప్పి చూసింది. మాటు నున్నగా, తన చేతికి తానే మురిసిపోయేంత బాగా కుదిరింది. ఇచ్చేసింది.

మూడో రోజు పొద్దుగూకే వేళ ఆ బుడ్డి అడుగు నుంచి కారిన కిరసనాయిలు అంటుకుంది. తాటాకు ఇల్లు, పైగా సముద్రపు గాలి. బాలింతనీ బిడ్డనీ బయటికి లాగారు. మాలకొండమ్మ మొగుడు ముత్యాలయ్య వల కోసం మళ్లీ లోపలికి పోయాడు. కాలిన ఒంటితో రెండు రోజులే బతికాడు.

కబురు వినగానే మదార్ ఒకే మాట అడిగాడు.

"నీళ్లు పోసి చూసినావా?"

"లేదు."

ఈసారి అతను తిట్టలేదు. తిడతాడేమోనని ఆమె రోజుల తరబడి ఎదురుచూసింది. తిడితే తానూ ఏడ్చి ఉండేదేమో.

సర్దార్‌బీ పాళెం వెళ్లింది. మాలకొండమ్మ బూడిద పక్కన కూర్చుని ఉంది. సర్దార్‌బీ కాళ్ల మీద పడబోతే పట్టుకుని ఆపింది.

"నువ్వు రేపు రమ్మన్యావు. నేనే వినలా" అంది మాలకొండమ్మ. ఆ మాట తిట్టుకన్నా లోతుగా దిగింది. సర్దార్‌బీ కాలవ దాకా నడిచొచ్చి, పడవ వచ్చినా ఎక్కకుండా అక్కడే కూలబడింది.

తర్వాతి వారం పాళెం ఆడవాళ్లు నలుగురు వచ్చి తమ ఇళ్లలోని బుడ్లన్నీ ఆమె గడప ముందు పెట్టి వెళ్లిపోయారు. అందులో మదార్ చేసినవే ఎక్కువ. పదేళ్లుగా చుక్క కారనివి. మదార్ వాటిని ఎడమచేత్తో ఒక్కొక్కటీ ఎత్తి చూసి, మళ్లీ కింద పెట్టాడు.

ఆ ఏడు క్రిస్మస్ అయ్యాక సర్దార్‌బీ బంగళా వైపు పోలేదు. వారం చూసి రెబెక్కమ్మే వచ్చింది.

"డబ్బాలు కడిగి పెట్టుండా. రాలేదేందమ్మా?"

"వొద్దక్కా."

"మరి యేం చెయ్యను వాటిని?"

సర్దార్‌బీ చాట తీసుకుని వడ్లు దంచే ఇంటికి బయల్దేరింది. మర్నాడు తోటమాలి బంగళా వెనక గొయ్యి తవ్వి డబ్బాలు, కాగితాలు, కొవ్వొత్తి ముక్కలు అన్నీ కలిపి పూడ్చేశాడని తెలిసింది. మదార్ విని, తల గోడవైపు తిప్పుకున్నాడు. పక్క ఏడు వానల్లో అతను పోయాడు.

అరవై ఏడులో కోటకు బియ్యం మర వచ్చింది. వడ్లు దంచమని పిలిచే ఇళ్లు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. సర్దార్‌బీ పొద్దున్నే గంప పట్టుకుని కాలవగట్టు వెంట అమ్ముకునే ఎండుపుల్లలకు పోయేది. తనకంటే ముందే ఎవరో ఏరుకుపోయిన గట్టు మీద చాలా దూరం నడిచేది. కొన్ని రోజులు గంప అడుగైనా నిండేది కాదు.