భాగ్యక్క పేరు మీద నా నంబర్

ఒక మాట ఏళ్ల తరబడి నా కడుపులో కుళ్లుతోంది. దాన్ని మోస్తూనే వండాను, తిన్నాను, పండగలు చేశాను, నలుగురిలో నవ్వాను. మోస్తున్నట్టు ఎవరికీ కనపడలేదు. నాకు ఎక్కువ సిగ్గు దానికే. ఇంత బరువు మోసే మనిషి ఎక్కడో ఒకచోట వంగిపోవాలి కదా? నేను వంగలేదు. పైగా మా వాడలో నాకు మంచిపేరు.

నా పేరు చెప్పను. ఆ ధైర్యం ఇంకా రాలేదనే అనుకోండి. మాది సిరిసిల్లలో చిన్న సేవా కేంద్రం. నా పుట్టిల్లు కోరుట్ల. మా నాన్న తాళ్లెక్కి కల్లు గీసేవాడు. పెండ్లయి ఈ సాంచాల ఊరికి వచ్చాను. మరమగ్గాన్ని ఇక్కడ సాంచ అంటారు. రేషన్ అయినా, పింఛను అయినా, కులం సర్టిఫికెట్ అయినా మా వాడ జనం నా కుర్చీ ముందుకే వచ్చేవాళ్లు.

ఏ దరఖాస్తు తెరిచినా ముందు ఫోన్ నంబర్ అడుగుతుంది. ఆ నంబర్‌కు ఓటీపీ వస్తుంది. అది కొడితేనే పని ముందుకు కదులుతుంది. మా దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో చాలామందికి సొంత ఫోన్ లేదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ మొగుడి జేబులో సాంచ దగ్గర ఉంటుంది. ఆ మోతలో అది మోగినా వినపడదు. అందుకని ఆ గడిలో నా నంబరే కొట్టేదాన్ని. చేయకూడదని తెలుసు. చేసేవాళ్లం, నేనే కాదు, అందరం. ‘అక్క నంబర్ ఎయ్యి’ అని వాళ్లే అనేవాళ్లు. నిజం చెప్పాలంటే అది నాకు గొప్పగా ఉండేది.

తర్వాత శాఖల వివరాలన్నీ ఒకదానితో ఒకటి కలిసే పద్ధతి వచ్చింది. దవాఖానలో రాసింది పింఛను ఆఫీసుకు తెలుస్తుంది, రేషన్‌లో మార్చింది దవాఖానలో మారుతుంది. మనిషి ఒప్పుకోకుండా ఆ మనిషి వివరాలు ఎవరూ తెరవలేరని, ఒప్పుకోలు అడిగే ఓటీపీ కూడా నేరుగా ఆ మనిషికే పోతుందని మాకు చెప్పారు. మంచి పద్ధతి. ఇప్పటికీ అదే అంటాను. తాళం గట్టిదే వేశారు. తాళంచెవులు మాత్రం సగం వాడవి నా కొంగున ఉన్నాయి.

ఇక భాగ్యక్క సంగతి. మా గల్లీ చివరిల్లు. సాంచాలకు నూలు కండెలు చుట్టేది. ఆమె భర్త రాజేశం సాంచ నడుపుతాడు. కులాలు వేరైనా వరస కలుపుకున్నాం. నేను ఆమెకు చెల్లెను, రాజేశం నాకు బావ. నేను బాలింతగా ఉన్నప్పుడు మా అత్తకు చేతకాకపోతే, రోజూ వచ్చి నా బిడ్డకు నీళ్లు పోసింది భాగ్యక్కే. కాళ్ల మీద పడుకోబెట్టుకుని, తల మర్దన చేసి, సాంబ్రాణి పొగ పట్టి, నా చేతికిచ్చి పనికి పోయేది. ఈ ముక్క రాయకుండా దాటేద్దామా అని చాలాసేపు అనుకున్నాను. దాటేస్తే ఈ ఒప్పుకోలు కూడా దొంగదే అవుతుంది.

ఆడవాళ్లకు క్యాన్సర్ పరీక్షలు చేసే క్యాంపు ఒకటి పెట్టారు. పేర్లు ఎక్కించే పని మాకు అప్పజెప్పారు. భాగ్యక్కకు రావడం ఇష్టం లేదు, నేనే చెయ్యి పట్టుకుని తీసుకుపోయాను. నంబర్ గడిలో అలవాటు ప్రకారం నాది కొట్టాను. ఆలోచించనైనా లేదు.

మెసేజ్ వచ్చిన రోజు నేను కోరుట్లలో ఉన్నాను. మా చెల్లె కొడుకును తొట్టెలలో వేసే పండగ. ఇల్లంతా చుట్టాలు, డప్పులు. ఫోన్ తీసి చూస్తే ఇంగ్లిషులో ఉంది. భాగ్యక్క పేరు, పరీక్షలో తేడా కనపడిందని, ఆలస్యం చేయకుండా పెద్ద దవాఖానకు వచ్చి ఇంకో పరీక్ష చేయించుకోవాలని. నాకు చదవడం వచ్చు. అర్థమైంది. రేపు పోగానే చెబుదామనుకుని ఫోన్ బొడ్లో దోపి, పాట పాడేవాళ్లలో కలిశాను. ఆ రేపు నిజంగానే చెప్పి ఉంటే?

సిరిసిల్లకు వచ్చేసరికి కేంద్రాల వాళ్లంతా ఒకటే గుసగుసలు. పక్క మండలంలో ఒకతను ఇట్లాగే జనం పేర్ల మీద తన నంబర్ పెట్టుకుని ముసలివాళ్ల పింఛన్లు మింగాడట. అతని కేంద్రం మూసేశారు, పోలీసులు తీసుకుపోయారు. ఇక అందరి కేంద్రాలూ చూస్తారని, సొంత నంబర్ కనపడితే లైసెన్సు పోతుందని చెప్పుకున్నారు. నేను ఎవరి రూపాయీ ముట్టలేదు. అయినా నా నంబర్ మా వాడలో సగం ఇళ్ల మీద ఉంది. భాగ్యక్కకు చెబితే దవాఖానకు పోతుంది, మెసేజ్ ఏదని అడిగితే సెంటర్ల చెల్లె ఫోన్‌కు అచ్చిందని చెబుతుంది, అమాయకురాలు. అక్కడితో నా పని అయిపోతుంది. తనిఖీ దాటిపోనీ, తర్వాత చెబుదాం. క్యాన్సర్ ఏమన్నా పది రోజుల్లో ముదురుతుందా? ఇట్లా నాకు నేనే డాక్టర్‌నైపోయాను.

అప్పుడే ఫోన్ వచ్చింది. దవాఖాన నుంచి ఒక అమ్మాయి. భాగ్యలక్ష్మి గారేనా అని అడిగింది. మర్యాదగా అడిగింది. రాంగ్ నంబర్ అని పెట్టేశాను.

ఈ ఒక్క వాక్యం రాయడానికి ఎన్ని ఏళ్లు పట్టిందో మీకు తెలియదు. మెసేజ్ సంగతి ఆలస్యం అనుకోవచ్చు, భయం అనుకోవచ్చు. దీన్ని ఏమనుకోవాలి? ఆ అమ్మాయి తన పని తను చేసింది. క్యాంపు చేసిన డాక్టర్లు చేశారు, కలిసిపోయిన శాఖలన్నీ కలిసి ఆ కబురును సరిగ్గా మా గల్లీ దాకా తెచ్చాయి. ఇంకో పది ఇళ్లు దాటితే భాగ్యక్క. ఆ పది ఇళ్ల దూరంలో నేను అడ్డం నిలబడ్డాను.

కొన్ని రోజులకు రేషన్ పని మీద భాగ్యక్కే వచ్చింది. జుట్టులో దూది పోగులు అంటుకుని ఉన్నాయి. ఫ్యాన్ కింద కూర్చుని చెమట తుడుచుకుంటూ అడిగింది.

“చెల్లె, క్యాంపుల చేసిన పరీక్ష ముచ్చట ఏమన్న ఎర్కైందా?”

“ఏం రాలే అక్కా. రాలేదంటే ఏం లేనట్టే.”

“నీ నోట్ల చక్కెర పొయ్య. ఊకె గుబులైతుండె.”

నవ్వింది. ఆ నవ్వు ముందు నా నోరు పెగల్లేదంటే మీరు జాలి పడతారేమో, పడకండి. నా నోరు బాగానే ఆడింది, చేతులు కూడా. రేషన్ పనికని ఆమె వేలిముద్ర తీసుకుని, అదే అదనుగా ఆమె పేరు మీద నా నంబర్ తీసేసి రాజేశం నంబర్ ఎక్కించాను. ఒక్కచోట మారిస్తే చాలు, అన్నిచోట్లా మారుతుంది. దవాఖానలో కూడా మారింది. ఆ పద్ధతి అంత బాగా పనిచేస్తుందని ఆ రోజు నాకు హాయిగా ఉండింది. థూ, నా బతుకు.

నొప్పి తట్టుకోలేక ఆమె తనంత తానే దవాఖానకు పోయేసరికి నెలలు దాటాయి. రొమ్ములోని గడ్డ చంకలోకి, అక్కడి నుంచి ఇంకా లోపలికి పాకిందన్నారు. ముందే మెసేజ్ పంపాం, ఫోన్ చేశాం, ఎందుకు రాలేదని డాక్టరమ్మ కోప్పడిందట. ఏ నంబర్‌కు పంపారని కూతురు స్రవంతి అడిగింది. వాళ్లు ఆమె వివరాలు తెరిచి, అప్పుడు అందులో ఉన్న నంబర్ చెప్పారు. అది రాజేశం నంబర్.

అవును. నేను నంబర్ మార్చి నన్ను కాపాడుకున్నాను, అది పోయి ఆ మనిషి మీద పడింది. కావాలని చేయలేదని ఎన్నిసార్లు నాకు నేను చెప్పుకున్నానో. పడ్డాక తీసేయలేదు కదా? అది కావాలని చేసింది కాదా?

రాజేశం బావకు తెలుగే కూడబలుక్కుని చదవాలి. ఒకరోజు ఫోన్ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. దవాఖాన వాళ్ల మెసేజ్ అందులో ఉందేమో చూడమన్నాడు. తను చూసుకోక నొక్కేశాడేమో, సాంచ మోతలో ఫోన్ వినపడలేదేమో తెలుసుకోవాలట. నేను ఫోన్ తీసుకున్నాను. వెతుకుతున్నట్టు కిందికీ పైకీ జరిపాను. ఫోన్ నిండితే పాతవి పోతాయి బావా అన్నాను. ఆయన తలూపి, ఫోన్‌ను అంగీకి తుడుచుకుని జేబులో పెట్టుకున్నాడు.

భాగ్యక్క ఆఖరి రోజుల్లో చూడ్డానికి పోతే, నేను ఏడుస్తుంటే ఆమే నన్ను ఓదార్చింది. కబురు తమ ఫోన్‌కు పోతే నాకెట్లా తెలుస్తుందని, మనసులో ఏమీ పెట్టుకోవద్దని చెప్పింది. భర్తను కూడా ఒక్క మాట అనలేదు. అన్నదంతా స్రవంతే. నువ్వే మా అమ్మను చంపినవని పది మంది ముందు తండ్రిని అన్నది. తల్లి పోయాక తన సొంత చిన్నమ్మ ఇంటికి వెళ్లిపోయింది. తండ్రితో మాటల్లేవు.

ఆ పిల్లను నా కేంద్రంలో పనికి పెట్టుకున్నాను. వాడ వాళ్లు ఎంత మంచి మనసన్నారు. ఎందుకు పెట్టుకున్నాను? పాపం కడుక్కోవడానికా, కళ్ల ముందుంటే ఏం తెలుసుకుంటుందో కనిపెట్టుకుని ఉండడానికా? రెండూ అయి ఉంటాయి. చురుకైన పిల్ల. ఎవరికీ తన నంబర్ వేయదు. ఫోన్ లేని వాళ్లను వెనక్కి పంపి ఇంట్లో ఎవరినైనా వెంట తెచ్చుకోమంటుంది. కాయితం మీద మెసేజ్ అర్థం రాసిచ్చి ఇది ఇంట్లో చదివించుకో అంటుంది. అమ్మలా ఇంకెవరికీ కావొద్దని చిన్నమ్మా, అంటుంది నాతో.

మొన్న మా ఇద్దరినీ జగిత్యాలకు శిక్షణకు పిలిచారు. వివరాలను భద్రంగా ఎట్లా పంచుకోవాలని పాఠం. అక్కడి సారు ఒక మాట చెప్పాడు. ఏ మనిషి వివరం ఎవరు, ఎప్పుడు, ఏ కేంద్రం నుంచి మార్చారో అంతా లోపల నిలిచే ఉంటుందట, ఏదీ చెరిగిపోదట. అంటే నేను నంబర్ మార్చిన సంగతి ఇన్నేళ్లూ లోపల ఉండనే ఉంది. అడిగినవాళ్లు లేరు, అంతే. నా పక్కన స్రవంతి శ్రద్ధగా రాసుకుంటోంది.

తిరుగు బస్సులో ఆమె ఫోన్ మోగింది. తెరమీద ‘నాన్న’ అని పడింది. కట్ చేసి, కిటికీ వైపు తిరిగింది. మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేసింది. ఆ మనిషి రోజూ చేస్తాడని, తను ఎత్తదని నాకు అప్పుడే తెలిసింది.

దొరికిపోతానన్న భయంతోనా ఇదంతా చెబుతున్నాను? ఆ భయం ఉంది, లేదనను. కానీ బస్సులో నన్ను పట్టుకున్నది అది కాదు. మోగీ మోగీ ఆగిపోయిన ఆ ఫోన్. ఏ తప్పూ చేయని మనిషి రోజూ తన కూతురి దగ్గర నా తప్పుకు క్షమాపణ అడుగుతున్నాడు.

నిన్న పొద్దున సాంచాల షెడ్డుకు పోయాను. ఆ మోతలో చెప్పలేక బయటికి రమ్మన్నాను. వేపచెట్టు నీడలో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. నంబర్ సంగతి, మెసేజ్, రాంగ్ నంబర్, వేలిముద్ర, అన్నీ చెప్పాను. ఫోన్‌లో వెతికినట్టు నటించిన సంగతీ చెప్పాను. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను, ఇదిగో నా స్వార్థం ఎంత దూరం పోతుందో చూడండి.

చేతులు తుడుచుకోవడం ఆపాడు. తర్వాత అడిగాడు.

“అంటే, నా ఫోన్‌కు రాలే?”

“రాలే బావా. నా ఫోన్‌కే అచ్చింది.”

“మళ్ల చెప్పు.”

మళ్లీ చెప్పాను. ఆయన అక్కడే నేల మీద కూలబడి, తల మోకాళ్లలో పెట్టుకుని, పసిపిల్లాడిలా ఏడ్చాడు. నన్ను తిట్టలేదు. క్షమించాననీ అనలేదు. లేచి మొహం కడుక్కుని, నా వైపు చూడకుండానే అన్నాడు.

“గీ మాట మా బిడ్డకు నువ్వే చెప్పాలె. నేను చెప్తే నమ్మది.”

చెప్తనన్నాను. ఆయన లోపలికి పోయి సాంచ ఆన్ చేసుకున్నాడు.

ఇది రాస్తున్నది కేంద్రంలో కూర్చునే. స్రవంతి ఇంకా రాలేదు. రాగానే ఆ కుర్చీలో కూర్చోబెట్టి, భాగ్యక్క కూర్చున్న ఆ ఫ్యాన్ కిందనే, చెప్పాలి. తర్వాత ఆ పిల్ల నన్ను ఏం చేస్తుందో, ఈ కేంద్రం ఏమవుతుందో నాకు తెలియదు. నా కడుపులో మాత్రం చాలా ఏళ్లకు కాస్త ఖాళీ ఏర్పడింది. దానికి కూడా సిగ్గుగానే ఉంది. మాట తడబడకుండా ఉండాలని మీ ముందు ఇంకోసారి చెప్పుకుంటున్నాను. అచ్చింది స్రవంతీ. మీ అమ్మకు కబురు అచ్చింది. నాకు అచ్చింది.