రంగును ఎండకు పెట్టిన వేసవి

మా ఇంట్లో ఎండకు ఏదైనా పెట్టచ్చు. మిరపకాయలు, వడియాలు, పరుపులు, చివరికి అల్లరి చేసిన పిల్లల్ని కూడా. ఒక్క రంగు నూలు మాత్రం పెట్టకూడదు. మంగళగిరి ఊరి చివర మాది అద్దకం షెడ్డు. మగ్గాలవాళ్లు తెచ్చిన తెల్ల నూలు కట్టల్ని, మా మాటలో చిలపల్ని, నాన్న కాగులో ముంచి, రంగు పట్టించి, ఉతికి, రేకుల కింద నీడన వెదురు గడలకు ఆరేస్తాడు. ఎండ సోకితే రంగు వెలిసిపోతుందని ఆయన భయం. చిన్నప్పుడు నేనొక పసుపు చిలపను ఎండలో మర్చిపోతే రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆయన తిట్టే రకం కాదు, మాట మానేసే రకం. తిట్టే గుణమంతా నా వాటాకి వచ్చింది.

అలాంటి ఇంట్లో పుట్టి నేను నేర్చుకున్నది రంగును చంపే విద్య. గుంటూరు దగ్గర యూనివర్సిటీలో కెమిస్ట్రీ పరిశోధన నాది. అద్దకం నీళ్లలో మిగిలిపోయే రంగును విరగ్గొట్టే నానో రేణువులు తయారుచేస్తాను. తలవెంట్రుక మందాన్ని వెయ్యి వంతులు చేస్తే ఒక వంతు ఎంత ఉంటుందో ఒక రేణువు అంత. కుప్పగా చూస్తే ముగ్గుపిండే. దాన్ని పెంకు ముక్కల మీద పూసి, ఫర్నేసులో కాల్చి అంటించి, రంగు నీళ్లలో పరిచి ఎండలో పెట్టాలి. ఎండ తగలగానే అవి పనిలోకి దిగుతాయి. రంగు ముక్కలైపోతుంది, పెంకు అలాగే ఉంటుంది. కడిగి మళ్లీ వాడుకోవచ్చు. మొదటిసారి మా ల్యాబు డాబా మీద ముదురు నీలం నీళ్లు మధ్యాహ్నానికి మంచినీళ్లలా తేటపడటం చూసి నాకు ఒళ్లు గగుర్పొడిచింది. ఎవరైనా గిన్నె మార్చేశారేమోనని అందర్నీ అడిగి వచ్చాను కూడా.

ఆ విద్య ఇంటికి తేవాల్సి వచ్చింది మాత్రం మా షెడ్డు వెనక పొలం ఆయన వల్ల. నేను సాయిబు మామయ్య అంటాను. నాన్నా ఆయనా బావా అంటే బావా అనుకుంటూ నలభై ఏళ్లుగా ఒకే కొట్లో టీ తాగుతున్నారు. తుళ్లూరు వైపు చేను రాజధానికి ఇచ్చేశాక ఆయనకి మిగిలింది ఈ అరెకరం, అందులో ఒక బావి. ఏటా తొలకరి పడ్డాక మిరప నారు పోసి చుట్టుపక్కల రైతులకు అమ్ముతాడు. ఆ వేసవి బావి అడుగంటింది. మిగిలిన కాసిని నీళ్లకూ నీలి ఛాయ వచ్చింది. మా షెడ్డు కాలవ ఇంకేది అటువైపే.

మామయ్య ఆ నీళ్లు చెంబుతో తెచ్చి మా అరుగు మీద పెట్టాడు. గొంతు పెంచలేదు.

"నీ మీద కంప్లయింటు పెట్టను బావా. కానీ తొలకరికి నేను నారు పోసుకోవాలి. ఈ నీళ్లకి మొలక బతకదు."

నాన్న చెంబు ఎత్తి వెలుతురుకి వంచి చూశాడు.

"తొలకరి లోపల కాలవ ఆపుతాను. ఆపలేకపోతే కాగులు బోర్లించేస్తా."

ఆయన ఊరికే అనే మనిషి కాదు. అరవై దాటాయి, ఇంకో పని రాదు. కాగులు బోర్లించాక పొద్దున్నే లేచి ఆయన ఎక్కడికి వెళ్తాడో నాకు ఊహకి కూడా అందలేదు. ఆ రాత్రి నోట్సు ముందేసుకుని కూర్చున్నాను.

నా ఆలోచన ఇదీ. రంగు పూర్తిగా పోతే ఆ నీళ్లనే తర్వాతి కాగులో పోసుకోవచ్చు. అద్దకానికి ఎలాగూ ఉప్పు కావాలి, ఆ ఉప్పు వాటిలో ఉండనే ఉంటుంది. కాలవలోకి చుక్క వదలక్కర్లేదు. కానీ కాస్త నీలం మిగిలినా తర్వాత ముంచే పసుపు ఆకుపచ్చగా తిరుగుతుంది, మగ్గాలవాళ్లు మొహం మీద కొడతారు. సగం సగం తేటపడితే కుదరదు.

లోతు లేని వెడల్పాటి తొట్లు నాలుగు పెరట్లో పెట్టించాను. పెంకులు పరిచి, రంగు నీళ్లు నింపి, పొద్దున్నే గుంటూరు బస్సెక్కాను. రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండ. సాయంత్రం గంతులేసుకుంటూ వచ్చి చూస్తే నీలం నీలంగానే ఉంది. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, నేను రచ్చ గెలిచొచ్చి ఇంట ఓడాను. ఉప్పుని తిట్టాను, పెంకుల్ని తిట్టాను, నీళ్లు తక్కువ పోశావని అమ్మ మీద కూడా అరిచాను. నాన్న మాత్రం షెడ్డులో కొత్త నూలు తీసుకోవడం ఆపేశాడు. అది చూశాక తిట్లు కట్టిపెట్టాను.

నాలుగో రోజు ఆలస్యంగా బయల్దేరి, నోట్సు మర్చిపోయి దారిలోంచే వెనక్కొచ్చాను. పదకొండు దాటింది. పెరట్లో నాన్న, వంగి, నా తొట్ల మీద తడి గోనెపట్టాలు కప్పుతున్నాడు. అంచులు గాలికి లేవకుండా ఇటుకలు కూడా పెడుతున్నాడు, నిద్రపోతున్న బిడ్డకి దుప్పటి కప్పినట్టు.

"నాన్నా, ఏం చేస్తున్నావు?"

"ఎండ ముదిరింది కదమ్మా. ఇట్టా వదిలేస్తే రంగు చచ్చిపోద్ది."

"చావాలనే పెట్టాను నాన్నా!"

ఆయన చేతిలో ఇటుక అలాగే ఉండిపోయింది. నాకు ముందు కోపం, వెంటనే నవ్వు, ఆ వెనకే సిగ్గు. తప్పు ఆయనది కాదు. తలవెంట్రుక గురించి, అందులో వెయ్యో వంతు గురించి ఈ మనిషికి గంటసేపు పాఠం చెప్పాను. ఎండ సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. నూలులాగే పొడి కూడా రంగును పట్టేసుకుంటుందనుకున్నాడు పాపం. రోజూ నేను బస్సెక్కగానే ఆయన చేతులు వాటంతటవే గోనెపట్టాలు వెతుక్కున్నాయి, ఎండ వాలాక తీసేశాయి.

ఇద్దరం కలిసి పట్టాలు తీశాం. ఆ రోజు నేను యూనివర్సిటీకి వెళ్లలేదు. చూరు కింద కూర్చుని చూస్తూ ఉన్నాం. గంటలో నీలం పలచబడింది. రెండు గంటల్లో అడుగున పెంకుల అంచులు కనిపించాయి. మూడింటికి తొట్లో మా చూరు నీడ, ఒక కాకి నీడ, తేట నీళ్లు. పట్టిన రంగు పోకుండా కాయడమే తప్ప, దాన్ని పోగొట్టొచ్చన్న ఊహే ఆయనకెప్పుడూ లేదు. లేచి వచ్చి వేలు ముంచి, ఎండకి ఎత్తి చూసుకున్నాడు.

"ఎక్కడికి పోయిందే?" అన్నాడు చిన్నగా.

చెప్పడానికి సమీకరణం ఉంది నా దగ్గర. కానీ ఎన్నిసార్లు చూసినా నాకూ ఆ ప్రశ్నే వస్తుంది.

మా ల్యాబు మిషను ఆ నీళ్లలో రంగు లేదంది. నాన్న మిషను వేరు. ఒక తెల్ల చిలప తెచ్చి, ఆ నీళ్లు కాగులో పోసి, అద్దకానికి మరిగించినట్టే మరిగించి, ముంచి తీశాడు. ఏ మూల ఏ కొంచెం రంగున్నా నూలు పట్టేసుకుంటుంది. పిండి, గుమ్మంలోకి తెచ్చి, వెలుతురుకి పట్టాడు. తెల్లగా ఉంది. ఆయన కాగులో ముంచినది తెల్లగా బయటికి రావడం అదే మొదటిసారి. ఆ చిలపను అలా పట్టుకునే వెనక పొలంలోకి నడిచాడు, మామయ్యకి చూపించడానికి.

మామయ్య చిలపను అటూ ఇటూ తిప్పి నన్నడిగాడు, రంగు పోయింది సరే, విషం పోయిందా అని. చదువుకున్నవాళ్లు కూడా అడగని ప్రశ్న. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. రంగు విరిగినంత మాత్రాన అన్నీ పోయినట్టు కాదు, ఉప్పు ఉంటుంది, అందుకే పొలానికి చుక్క రానివ్వం, కాగులోంచి కాగులోకే తిప్పుకుంటాం. ఆయన తలూపాడు. ఆ మర్నాడే నాన్న అవే నీళ్లలో పసుపు దించాడు. నిక్కమైన పసుపు వచ్చింది. కాలవకి అడ్డంగా సిమెంటు పోసేశాడు.

వానలకి బావి ఊరింది. నేను సీసాలో పట్టి ల్యాబుకి తీసుకెళ్లి చూశాను, నీలం జాడ లేదు. మామయ్య నా కాగితాల కోసం ఆగలేదు, చారెడు మడిలో గుప్పెడు విత్తనం పోసి చూసుకున్నాడు. మొలక వచ్చాక మిగతా మళ్లన్నీ పోశాడు. ఆ నారు అందేసరికి నాన్న కాగులు ఒక్కటి కూడా బోర్లపడలేదు.

ఇప్పుడు ముసురు పడితే నాన్న రంగు నీళ్లు డ్రముల్లో దాచి ఎండ కోసం చూస్తాడు. ఎండంటే ముఖం చిట్లించే మనిషి, పొద్దున్నే ఆకాశం వంక చూసి మబ్బుల్ని విసుక్కుంటాడు. మొన్న సెలవు రోజు, తొట్టి మీదికి వంగి నీలం వెలిసిపోవడం చూస్తూ ఒళ్లు మరిచి నిలబడ్డాను. వెనక నుంచి ఆయన గొంతు.

"అమ్మా, నీ నీడ పడుతోంది. పక్కకి జరుగు."

జరిగాను.