ఆయా నోటుబుక్కు

ఒప్పందాలు రాయడంలో నాది అందెవేసిన చెయ్యి అని కోల్‌కతాలో మా కాలేజీ అంతా అనుకునేది, నాతో సహా. స్థలం మా ప్రభుత్వ కాలేజీది, దాంట్లో హాస్టల్ కట్టి నడిపేది ఒక ప్రైవేటు కంపెనీ. మరమ్మతుల బాధ్యత కంపెనీదేనని, అయితే లోపాన్ని వాళ్లకు రాతపూర్వకంగా తెలియజేసి ఉండాలని ఒప్పందంలో రాసింది నేనే. లా పాఠాలు చెప్పేదాన్ని కదా, ఆ వాక్యం చూసుకుని మురిసిపోయాను కూడా.

ఆ వాక్యమే నా మెడకు చుట్టుకుంది. హాస్టల్ మెట్ల రెయిలింగ్ ఊడి ఒకమ్మాయి పడింది, చెయ్యి విరిగింది. మాకెవరూ రాసివ్వలేదంది కంపెనీ. చెప్పాల్సింది హాస్టల్ ఆయా అంది కాలేజీ. ఎప్పుడూ ఉప్పూ నిప్పూలా ఉండే ఇద్దరూ ఆయాని పనిలోంచి తీసేద్దామన్న దగ్గర మాత్రం ఏకమైపోయారు. నాకు ఒళ్లు మండిపోయింది.

విచారణకు పిలిచాం. ఊరి శివారు లిలువా నుంచి వచ్చే ఆ ఆయా, యాభై దాటిన మనిషి, భయంతో బెంగాలీలో తడబడింది. మధ్యలో "ఏటి సేసేది" అని గొణుక్కుంది. నేనూ తెలుగుదాన్నే కదా, వెంటనే తెలుగులోకి దిగాను.

"రెయిలింగ్ ఊగుతోందని ఎవరికైనా చెప్పారా అమ్మా?"

"సెప్పడమేటమ్మా, రాసినాను. కంపెనీ సూపర్‌వైజరు దాదా సంతకం కూడా ఎట్టినాడు."

సంచిలోంచి అట్ట చిరిగిన నోటుబుక్కు తీసింది. వాళ్ల నాన్న కార్పొరేషన్‌లో రోడ్లు ఊడ్చేవాడట. తన హాజరు ఎవరూ లెక్కలోంచి కొట్టేయకుండా, పనిచేసిన ప్రతిరోజూ మేస్త్రీ చేత పుస్తకంలో సంతకం పెట్టించుకునేవాడట. ఈవిడకూ అదే అలవాటు. చేసిన పని, కంటబడిన లోపం తనకు రాయడం వచ్చిన ఒకే ఒక్క భాషలో రాసి, కింద సంతకం పెట్టించేది. తెలుగు ముక్క రాని ఆ దాదా, అదే ఆ సూపర్‌వైజరు అన్న, హాజరు పుస్తకమే కదా అని రోజూ గీకేశాడు. "మెట్లకాడ రెయిలింగు ఊగతంది" అని వరసగా పదకొండు రోజులుంది. పదకొండు సంతకాలూ ఉన్నాయి.

"ఇన్నాళ్లూ ఎందుకు చూపించలేదు?"

"ఎవులు సదువుతారమ్మా? మా మనవరాలికే తెలుగు సదవడం రాదు."

కంపెనీ లాయరు పుస్తకం అటూ ఇటూ తిప్పి, ఇది తెలుగు కదా అన్నాడు. రాతపూర్వకంగా అనే ఉంది, ఏ భాషో ఎక్కడుందో చూపించండి అన్నాను. భాష పేరు రాయడం నేను మరిచిపోయానన్న సంగతి మాత్రం చెప్పలేదు. చివరికి కంపెనీ బాధ్యత ఒప్పుకుంది. అమ్మాయి చెయ్యి అతుక్కుంది, ఆయా పని నిలిచింది. ఆ సాయంత్రం ఇంటికెళ్లే బస్సులో నిలబడటానికి చోటు లేకపోయినా నాకు ఎంత హాయిగా ఉందో.

ఈ ఏడాది ఒప్పందం తిరగరాసేటప్పుడు, లోపాలు ఇంగ్లీషులోనే రాసివ్వాలన్న మాట చేర్చమని ఆ లాయరు అడిగాడు. నేను చేర్చలేదు. ఇప్పుడు ఆయా రోజూ సూపర్‌వైజరుని కూర్చోబెట్టి, రాసిందంతా బెంగాలీలో చెప్పాకే సంతకం తీసుకుంటోంది. మొన్న గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. ఆయన పెన్ను తీయబోతే చెయ్యి అడ్డుపెట్టింది.

"ఆగండి దాదా, ఇంకా రెండు లైన్లున్నాయి."