రంగు పట్టని చోటు

ఆ వీధి పిల్లలు ఆవిడకి పెట్టిన పేరు ‘చెయ్యితియ్యి అత్త’. పెద్దవాళ్ళు మొదట్లో పిల్లల్ని కసిరారు గానీ, కొన్నాళ్ళకి వాళ్ళ నోటా అదే పేరు స్థిరపడింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ పేరు ఊరికే రాలేదు. భర్త వడ్రంగి, ఆవిడ పాలిష్ మనిషి. ఆయన చేసిన బల్లయినా, పెట్టె అయినా ఇంటి వెనక షెడ్డులోకి చేరిందంటే ఇక దాని మీద పెత్తనమంతా ఆవిడదే. గరుకు కాగితంతో రుద్ది, తడిగుడ్డతో తుడిచి, లేచిన నూగు అణిగేదాకా మళ్ళీ రుద్ది, అప్పుడు రంగు వేసేది. రంగు ఆరాక దూది చుట్టిన గుడ్డముద్దతో లక్క పాలిష్ పూత మీద పూత ఎక్కించేది. రుద్దడం అయ్యాక, రంగు పడేలోపు ఆ చెక్కని ఎవరైనా తాకారో, వాళ్ళ పని అయిపోయినట్టే. ఒంటి జిడ్డు అంటిన చోట చెక్కకి రంగు పట్టదు. అంటినప్పుడు ఏమీ కనపడదు. రంగు వేశాక బయటపడుతుంది, గోధుమరంగు మధ్యలో పాలిపోయిన వేళ్ళు. అందుకే సరుకు చూడడానికి వచ్చింది ఎంత పెద్దమనిషైనా, ఆవిడ నోట "చెయ్యి తియ్యి" ముందొచ్చేది, మర్యాద తర్వాత వచ్చేది.

అందరికన్నా ఎక్కువ తిట్లు తిన్నది మొగుడే. ఆ మహానుభావుడికి నున్నటి చెక్క కనపడితే చెయ్యి ఆగదు. అప్పుడే రుద్దిన బల్లని గొడ్డు వీపు నిమిరినట్టు నిమిరేవాడు. "చెయ్యి తియ్యండి" అనేది ఆవిడ. చివర ‘అండి’ ఒక్కటే గౌరవం, మిగతాదంతా మంట. ఆయన నవ్వి, మరోసారి నిమిరి, అప్పుడు గానీ పోయేవాడు కాదు. ఆయన ముద్ర ఎక్కడ పడినా ఆవిడకి ఇట్టే తెలిసిపోయేది. రంపం కొరికేసిన కుడి చూపుడువేలు ఒక కణుపు పొట్టి.

ఆయన పోయి ఏడాది దాటింది. కూతురి కోసం చేతులు ఆనించుకునే పట్టెలున్న టేకు కుర్చీ ఒకటి చేశాడు. అంతా బిగించి భార్యకి అప్పగించిన రోజునే, ఆ షెడ్డులోనే, ఆ కుర్చీ పక్కనే కూలిపోయాడు. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. ఆవిడ కుర్చీ మీద పాత దుప్పటి కప్పేసి గోడవైపు తిప్పేసింది. తర్వాత బయటి పని ఎంత చేసినా దాని జోలికి మాత్రం పోలేదు.

ఇప్పుడు కూతురికి నెలలు నిండుతున్నాయి. బిడ్డకి పాలిచ్చేటప్పుడు కూర్చోవడానికి నాన్న చేసిన కుర్చీ కావాలని అడిగింది. చెయ్యితియ్యి అత్త ఏవేవో సాకులు చెప్పింది, ముసురు పట్టిందనీ, తేమకి పాలిష్ తెల్లబడుతుందనీ. కూతురు పట్టు వదల్లేదు. ముసురు కూడా ఆవిడని కాపాడలేదు, చక్కగా ఎండ కాసింది.

దుప్పటి తీసి, కుర్చీని కాళ్ళ నుంచి వీపు దాకా కొత్తగా రుద్దింది. ఏడాది దుమ్ము పోయి చెక్క మళ్ళీ పచ్చిగా, లేతగా బయటపడింది. చేతులకి గుడ్డ చుట్టుకునే కదిపింది. మర్నాడు కుడి పట్టెకి రంగు వేసింది. రంగు ఆరుతూ ఉండగా అక్కడ ఒక చెయ్యి తేలింది.

పాలిపోయిన అరచెయ్యి, దాని ముందు వేళ్ళు. చూపుడువేలు పొట్టి.

అత్త వెనక్కి జరిగింది. ఒక్క క్షణమే చూసింది. కాగితం అందుకుని, ముఖం పక్కకి తిప్పుకుని, రంగూ చెక్కా కలిపి రుద్దిపారేసింది. పాత జిడ్డు లోపలికి ఇంకి ఉంటుందని తనకి తనే చెప్పుకుంది. ఆ మాట ఇంకెవరైనా అని ఉంటే ఆవిడే నవ్వేది. అంత లోతుకి రుద్దాక ఏ జిడ్డూ మిగలదని ఆవిడకి తెలియదా.

రెండోసారి రంగు వేసినప్పుడూ తేలింది, అదే చోట.

ఇక ఆవిడ మనుషుల్ని అనుమానించింది. అది కాస్త తేలిక. షెడ్డులోకి ఎవడో దూరుతున్నాడని పక్క కొట్టు తాళాలాయనని పిలిచి తాళం మార్పించింది. అమ్మా, ఈ షెడ్డులో దొంగ ఎత్తుకుపోవడానికి లక్క వాసన తప్ప ఏముందని ఆయన వేళాకోళమాడాడు. ఆవిడ నవ్వలేదు. కుర్చీని మళ్ళీ రుద్ది, రుద్దగా రాలిన పొడిని నేలంతా పిండిలా జల్లి, వెనక్కి నడుస్తూ తన అడుగులు తనే చీపురుతో చెరిపేసుకుంటూ బయటికొచ్చి తాళం వేసింది. పొద్దున తలుపు తీస్తే పొడి మీద పిల్లి అడుగు కూడా లేదు. కాస్త ధైర్యం వచ్చి గుడ్డతో రంగు వేసింది. గుడ్డ వెనకాలే, ఆరేదాకా కూడా ఆగకుండా, వేళ్ళు ఒక్కొక్కటే పైకొచ్చాయి.

అత్త గడప అవతల కూలబడింది. ఎండ నడినెత్తి మీద ఉంది, వీధిలో ఎవరో సైకిలు గంట కొడుతున్నారు. ఆయన ఎందుకొచ్చాడో ఆవిడకి తెలుసు, లేదా తెలుసనుకుంది. ఆ రోజు జరిగిన దాంట్లో ఒక ముక్క ఆవిడ ఎవరికీ చెప్పలేదు. కడుపున పుట్టిన కూతురికి కూడా.

ఆ మధ్యాహ్నమే కూతురు వచ్చింది. ఆయాసపడుతూ, నడుము మీద చెయ్యి పెట్టుకుని, కుర్చీ ఎంతవరకు వచ్చిందో చూస్తానని తిన్నగా షెడ్డులోకి నడిచింది. అత్త లేచి ఆపేలోపే గడప దాటేసింది.

కూతురు పట్టె ముందు నిలబడి చాలాసేపు చూసింది.

"నాన్నది కదూ" అంది.

అప్పుడు చెప్పింది అత్త, గడప దగ్గర కూర్చునే, నేలని చూస్తూ. ఆ రోజు పట్టెలు రుద్దడం పూర్తయింది. తను పక్కకి తిరిగి డబ్బాలో రంగు కలుపుకుంటోంది. ఓరకంటికి ఆయన కుర్చీ పక్కన నిలబడి పట్టె మీద చెయ్యి వేసినట్టు కనిపించింది. మామూలుగా నిమురుతున్నాడనుకుంది. తల కూడా తిప్పకుండా చెయ్యి తియ్యండి అని కసిరింది. ఆయన నవ్వలేదు. మరోసారి నిమరలేదు. వెంటనే చప్పుడైంది.

"నిలదొక్కుకోవడానికి పట్టుకున్నారే ఆయన. నేను తియ్యమన్నాను, తీసేశారు. కాపురమంతా నా మాట వినని మనిషి ఆ ఒక్కసారీ విన్నారు."

అయ్యో అమ్మా అని ఓదార్చే రకం కాదు ఆ పిల్ల, తల్లి పోలికే. పట్టెకి దగ్గరగా వంగింది. ముద్రకి తగలకుండా, దానికి కొంచెం పైన తన చెయ్యి చాపి పట్టుకుంది. వేళ్ళని మెల్లగా పట్టె వెలుపలి అంచు వైపు జరిపింది. అంచు దాటి కిందికి దింపింది.

"అమ్మా, ఇలా రా. దీన్ని నువ్వు సరిగ్గా చూశావా అసలు?"

చూడలేదు. ఎన్నో ఏళ్ళుగా లోకంలో అందరి వేలిముద్రలూ పట్టుకుని నిలదీసిన మనిషి, ఈ ఒక్క ముద్రని మాత్రం తేలిన ప్రతిసారీ ముఖం తిప్పుకునే చెరిపేసింది. భయం అలాంటి పనులే చేయిస్తుంది. అత్త లేచి వచ్చింది. కళ్ళజోడు పెట్టుకుంది. వంగింది.

పైకి ఎత్తిన చెయ్యి వదిలే మచ్చ ఎలా ఉంటుందో ఆవిడకి చెప్పక్కర్లేదు. అంచులు తీరుగా, వేళ్ళ కొసలు గుండ్రంగా ఉంటాయి. ఇక్కడ అరచెయ్యి ఉన్నచోట అలాగే ఉంది. కానీ వేళ్ళ కొసలు లేవు. ప్రతి వేలూ సాగి, పలచబడి, గీతలా పట్టె అంచు దాటి కింది వైపుకి పోయింది. పొట్టివేలు కూడా. పట్టుకోవడానికి చూసిన వేళ్ళు. పట్టు దొరకని వేళ్ళు.

"నాన్న తియ్యలేదమ్మా. జారిపోయింది" అంది కూతురు. "నీ మాట ఆయనకి వినపడి కూడా ఉండదు."

అత్తకి ఏడుపు వచ్చింది. ఏడాదిగా రాని ఏడుపు, ముక్కూ నోరూ ఏకమయ్యేలా వచ్చింది. కోపంతో వచ్చి నిలబడ్డాడని వణికిపోయింది ఇన్నాళ్ళూ. చెప్పడానికి వచ్చినవాడిని చెప్పనివ్వకుండా మాటిమాటికీ గరుకు కాగితంతో నోరు మూసింది. తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ వెంటనే, సిగ్గు విడిచి చెప్పాలంటే, గంపెడు బరువు దిగినట్టయింది.

ఆ మచ్చని ఇక చెరపనంది. కూతుర్ని ఇంట్లో పడుకోబెట్టి వచ్చి, గుడ్డముద్దని లక్కలో తడిపి, గాలి తగిలినంత తేలిగ్గా దాని మీద మొదటి పూత వేసింది. లక్క కింద ఎప్పటికీ అలాగే ఉండిపోవాలని ఆవిడ కోరిక. మనవడో మనవరాలో పెద్దయ్యాక మీ తాత చెయ్యి ఇది అని చూపించవచ్చు. పూత కింద ఆ చెయ్యి తడితడిగా మెరిసింది. చాలా రోజుల తర్వాత ఆవిడ కంటినిండా నిద్రపోయింది.

పొద్దున వెళ్ళి చూస్తే పట్టె మీద ఏమీ లేదు.

రంగు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్కలా పట్టింది. మచ్చ లేదు, మరక లేదు. ఎవరు చూసినా శెభాష్ అనే పని. అత్త కుర్చీని ఎండలోకి ఈడ్చింది. ఏటవాలుగా చూసింది. తడిగుడ్డతో తుడిచి చూసింది, స్పిరిట్‌తో తుడిచి చూసింది. చెప్పవలసింది చెప్పేశాడు, వెళ్ళిపోయాడు. ఆవిడకి మాత్రం అడగవలసింది ఇంకా చాలా ఉంది.

కాగితం తీసుకుని లక్కనీ రంగునీ రుద్దేసింది. లేత చెక్క బయటపడ్డాక మళ్ళీ రంగు వేసి, పక్కన కూర్చుని, ఆరేదాకా రెప్ప వెయ్యకుండా చూసింది. రాలేదు. మళ్ళీ రుద్దింది. మళ్ళీ వేసింది. సాయంత్రం కూతురు వెతుక్కుంటూ వచ్చేసరికి షెడ్డంతా గోధుమరంగు పొడి, ఆ పొడి జుట్టంతా కప్పేసిన తల్లి.

"అమ్మా, పట్టె సన్నబడిపోతోంది" అంది కూతురు.

అత్త చెయ్యి ఆగలేదు. కూతురు బరువుగా పక్కన చతికిలబడి, ఆ వేళ్ళ మధ్య నుంచి కాగితాన్ని మెల్లగా లాక్కుంది.

ఆ కుర్చీ ఇప్పుడు కూతురి ఇంట్లో కిటికీ పక్కన ఉంది. మనవరాలు పాలు తాగేది అందులోనే. కుడి పట్టె ఎడమదాని కన్నా బాగా సన్నం, కూర్చున్నవాళ్ళ మోచేతికి తేడా తెలిసిపోతుంది. ఎందుకలా ఉందని అడిగితే, చెక్క ఒక్కో చోట ఎక్కువ పని అడుగుతుందని చెబుతుంది అత్త.