షాహెదా మేడం బావి

నిన్న మా వీధిలో పెళ్లి. డప్పుల వెనకాల ఆడవాళ్లు దిగుడు బావి నుంచి బిందెలతో నీళ్లు తెస్తూ మా గేటు ముందు నుంచి వెళ్లారు. ఒక బిందె తొణికి మా గుమ్మం తడిసింది. పాచి, తడిసిన సున్నం కలిసిన వాసన గుప్పుమంది. వనపర్తిలో మా వీధి పెళ్లికూతురికి మైలపోలు స్నానం చేయించాలంటే ఇంటి నల్లా నీళ్లు ఎన్ని ఉన్నా ఆ బావి నీళ్లు ఒక చెంబెడైనా కలపాల్సిందే. నాకూ కలిపారు. ఇదివరకు ఆ వాసనకు మా అమ్మ గుర్తొచ్చేది. ఇప్పుడు షాహెదా మేడం గుర్తొస్తారు.

మేడం గద్వాల మనిషి. మాకు డిగ్రీలో చరిత్ర చెప్పడానికి వనపర్తి వచ్చారు. గద్వాలలో కోట లోపలే కాలేజీ, వనపర్తిలో రాజావారి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్. పుట్టినప్పటి నుంచి చూస్తున్న గోడలు కనుక మాకు వాటంటే లెక్కలేదు. మేడం మమ్మల్ని ఆ గోడల దగ్గరికి నడిపించుకుపోయి, ఒక్కొక్కరిని తమకు తెలిసిన సంగతి చెప్పమనేవారు. మేం ఏది చెప్పినా వెంటనే, "ఎవరు జెప్పిండ్రు? వాళ్లకెవరు జెప్పిండ్రు?" అని నిలదీసేవారు. ఒకసారి నేను మహా ధీమాగా, ఈ ప్యాలెస్ నుంచి గద్వాల కోటకు సొరంగం ఉందని చెప్పాను. మేడం నవ్వలేదు. "నడుమ కృష్ణమ్మ ఉన్నది గద సుజాతా, రాజులు నీళ్లల్ల మునుక్కుంట పోయిండ్రా?" అన్నారు. క్లాసంతా పగలబడి నవ్వింది. సిగ్గుతో చచ్చిపోయాను గానీ, విన్నదాన్ని అలాగే మింగకూడదని తెలిసింది ఆ రోజే. నేను రోజూ ఇక్కడి నుంచి నాగర్‌కర్నూల్ వెళ్లి చరిత్ర పాఠాలు చెప్పుకుని బతుకుతున్నానంటే ఆ సొరంగం చలవే.

నేను చివరి సంవత్సరంలో ఉండగా మా వాడకట్టు, అంటే మా వీధి వాళ్లే, ఆ బావిని పూడ్చి దుకాణాలు కట్టాలనుకున్నారు. మట్టి ట్రాక్టరు వచ్చి నిలబడింది. మేడం మమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్లి బావి మెట్లు ఎంత పాతవో, రాయి మీద రాయి ఎలా పేర్చారో చెప్పబోయారు. ఎవరూ చెవిన పెట్టలేదు. "చెత్త బాయి మేడం, దోమలు తప్ప ఏమున్నయ్?" అన్నాడొకాయన. డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. అప్పుడు మేడం మెట్టెక్కి గట్టిగా అన్నారు. "ఈ బాయి నీళ్లు లేకుంట ఈ వాడకట్టుల మైలపోలు తీసెటోళ్లు కాదు. సంస్థానం నాటి ఆచారమిది. మీ పెండ్లిండ్ల సంగతి మీకు నేను యాది చెయ్యాల్నా?" డ్రైవరు ఇంజను ఆపేశాడు. సాయిబుల ఇంటి ఆడమనిషికి తెలిసిన మా ఆచారం మాకు తెలియదని ఎవరు ఒప్పుకుంటారు? ముందు తేరుకున్నవాడు మా పక్కింటి నర్సప్ప. "నిజమే, మా నాయినమ్మ గూడ చెప్పేది" అన్నాడు. ఇంకొకరు తలూపారు. ట్రాక్టరు వెనక్కి తిరిగింది. మరుసటి మాఘంలో నర్సప్ప తన కూతురి పెళ్లికి ఆ బావి నీళ్లు తెప్పించాడు. తరువాత నా పెళ్లికి. అప్పటి నుంచి ఆ నీళ్లు తేని ఇల్లు లేదు.

ఈ మధ్య బావి దగ్గర రాతి పలక పెట్టాలని వాడకట్టు వాళ్లు అనుకున్నారు. పలక మీద మాటలు నన్ను రాయమన్నారు. 'సంస్థానం కాలం నాటి ఆచారం' అని రాసుకున్నాను. దానికి ఆధారం ఏమిటో అడగకుండా రాస్తే మేడం శిష్యురాలినెలా అవుతాను? బస్సెక్కి గద్వాల వెళ్లాను. రిటైరయ్యాక ఆమె అక్కడే, మగ్గాల చప్పుడు వినిపించే గల్లీలో, తమ్ముడి ఇంట్లో ఉంటున్నారు. చాయ్ ఇచ్చి, సంగతి విని, కప్పు కింద పెట్టేశారు.

"ఎవరు జెప్పిండ్రు మేడం మీకు?" అని అడిగాను.

"ఎవరు జెప్పలె బేటా. ట్రాక్టర్ స్టార్టయింది, నా నోట్లెకెల్లి గట్ల వచ్చింది."

నవ్వుతారేమో, ఆట పట్టిస్తున్నారేమో అని ఆమె ముఖంలోకే చూశాను. ఆమె నవ్వలేదు. "గా తర్వాత వనపర్తిల ఏ పెండ్లికి పిలిచినా నేను పోలె. నీ పెండ్లికి గూడ రాలె, యాదికుందా? నీళ్లు తెస్తుంటే చూడలేననుకున్న" అన్నారు. నేనేమో ఒంట్లో బాగోలేక రాలేదనుకున్నాను. ఒళ్లు మండింది. నా నెత్తిన పోసింది ఏ నీళ్లని? మా అమ్మ ఎవరి మాట నమ్మి అంత భక్తిగా పోసింది? సొరంగం సంగతికి నన్ను అందరి ముందు నిలబెట్టిన మనిషేనా ఈమె!

"మరి రాయి మీద ఏం రాయాలె మేడం?" అన్నాను.

"జరిగింది జరిగినట్లు రాయి. నా పేరు పెట్టి రాయి."

"రాస్తే ఆచారం పోతది. ఆచారం పోతే బాయిని పూడుస్తరు."

"పూడుస్తరేమో. అబద్ధం రాయికెక్కొద్దు సుజాతా."

బస్సులో దారి పొడవునా కొట్టుమిట్టాడాను. అబద్ధం రాస్తే మేడం నేర్పిన చదువు పోతుంది, నిజం రాస్తే ఆమె కాపాడిన బావి పోతుంది. చివరికి వాడకట్టు వాళ్లను బావి దగ్గరికే పిలిచి ఉన్నదంతా చెప్పేశాను. తిడతారనుకున్నాను. మా వీధిలోనే పుట్టి మెట్టిన ఒక కోడలుపిల్ల, "అయితే ఏంది అక్కా? మా అక్కకు పోసిండ్రు, నాకు పోసిండ్రు. నా బిడ్డకు పొయ్యకుంటే ఊకుంటదా?" అంది. అందరూ అవునన్నారు. చెప్పడానికి నేను అంతగా భయపడ్డ నిజం ఆ బావిలో ఒక్క మెట్టునైనా కదిలించలేదు.

కానీ నర్సప్ప కర్ర పట్టుకుని లేచాడు. ఇప్పుడాయన బాగా ముసలివాడు. "మేడం మర్చిపోయింది బిడ్డా. మా నాయినమ్మ గీ మెట్ల మీద నన్ను సంకనేసుకుని దిగేది, పెండ్లి నీళ్లు ముంచేది. నేను చూసిన. ఆమె కాళ్ల కడియాల సప్పుడు నాకు ఇంకా వినిపిస్తది" అన్నాడు. ఆయన కళ్ల వెంట నీళ్లు కారాయి. "ఆమె అబద్ధాలది అని రాయి మీద రాస్తవా?" అని నన్నే అడిగాడు. ఆయన నటించడం లేదు.

అయినా జరిగింది జరిగినట్లే పలక మీద చెక్కించాను, మేడం పేరుతో సహా. నర్సప్ప నాతో మాట్లాడటం మానేశాడు. ఆ సంగతంతా ఫోన్‌లో చెబితే మేడం మెల్లగా, "నిజంగనే ఏడ్చిండా?" అన్నారు. అవునన్నాను. "ఒకవేళ వాళ్ల నాయినమ్మ నిజంగనే ముంచిందేమో బేటా, నేను అడగనే లేదు గద ఆయన్ని" అన్నారు. ఇవాళ క్లాసులో ఒక అమ్మాయి లేచి, "మా తాత చెప్పాడు మేడం" అని మొదలుపెట్టింది. నేను ఎప్పటిలా నిలదీయబోయి ఆగిపోయి, కుర్చీ లాక్కుని కూర్చుని, మొత్తం చెప్పమన్నాను.