జుర్రితే తప్పా?

ఊరూరా కంప్యూటర్ చదువుల జోరు నడుస్తున్న రోజుల్లో మా మరిది రవికి సింగపూర్‌లో ఉద్యోగం వచ్చింది. నేను చూడ్డానికి వెళ్తే, వాళ్ల జపాన్ మేనేజరు మాకు భోజనం పెడతానన్నాడు. ఆర్చర్డ్ రోడ్డులో అన్నీ జపాన్ దుకాణాలే ఉన్న పెద్ద మాల్‌కి రమ్మన్నాడు. బట్టల కొట్లు, డబ్బులేస్తే కొక్కెంతో బొమ్మలు పట్టుకునే ఆట మిషన్లు దాటుకుంటూ నడుస్తున్నంతసేపూ రవిది ఒకటే గోల.

"వదినా, ఇంట్లో చారు జుర్రినట్టు అక్కడ జుర్రకు. నా ప్రమోషన్ ఆయన చేతిలోనే ఉంది."

"జుర్రనులే," అన్నాను.

హోటల్లో మేనేజరు ఎదురుగా కూర్చున్నాక, పెద్ద గిన్నెల్లో పొగలు కక్కుతూ నూడిల్స్ సూపు వచ్చింది. నేనూ రవీ చప్పుడు కాకుండా ఒక్కొక్క పోగే మింగుతున్నాం. ఇంతలో మేనేజరు గిన్నె మీదికి వంగి, పక్క బల్లవాళ్లకి వినబడేలా జుర్రున లాగాడు. చుట్టూ చూస్తే అందరూ అంతే. ఇక నేనాగుతానా? ఆయన్ని మించి జుర్రాను.

ఆయన నవ్వి, రవితో ఇంగ్లీషులో ఏదో అన్నాడు. రవి మొహం మాడిపోయింది.

"ఏమన్నాడు?" అనడిగాను.

"మీ వదినకి బాగా నచ్చింది, నీకే నచ్చినట్టు లేదు అంటున్నాడు. వీళ్లకి జుర్రితేనే మర్యాదట."

రవి గిన్నెని వాడి ముందుకి జరిపాను.

"జుర్రు నాయనా. ప్రమోషన్ చల్లారిపోతోంది."