మేస్టారి చైనా బండి

మా నర్సీపట్నంలో ఆ పాత చైనా మోటార్ సైకిళ్లు మిగిలినవి రెండే. ఒకటి నాది, రెండోది బలిఘట్టం మేస్టారిది. అమ్మిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. సామాన్లు ఎక్కడా దొరకవు. అందుకే ఇద్దరం ఒక మాట అనుకున్నాం: ఎవరి బండి ముందు ఆగిపోతే, దాని సామాన్లు రెండోవాళ్లకి.

నెల్లాళ్లుగా నా బండి ఇంజన్ పట్టేసి, మెకానిక్ అప్పారావు షెడ్డులో పడుంది. ఈ రోజు వెళ్లేసరికి దాని పక్కన మేస్టారి బండి నిలబడి ఉంది. ఆయన పెద్దకర్మ మొన్ననే అయింది.

"మేస్టారింటి అమ్మగారు పంపించేరండి. మీ బండికి ఏం సామాన్లు కావాలో తీసుకోమన్నారు," అన్నాడు అప్పారావు.

మేస్టారి బండికి ఊరికే ఒక కిక్కు కొట్టాను. ఒక్క కిక్కుకే స్టార్టయింది. నాది ఏనాడూ అలా అవలేదు.

అప్పారావు స్పానర్ తీసుకున్నాడు. "మరి ఏ బండి ఇప్పమంటారు? బేగి సెప్పండి."

రేపు చెప్తానని షేర్ ఆటో ఎక్కి వచ్చేశాను.

మీరైతే ఏ బండి చూపిస్తారు? మేం అనుకున్న మాట ప్రకారం ముందు ఆగింది నాది. సామాన్లు తీసుకోవాల్సింది మేస్టారు.